చేతులు ముడుచుకోని నిరీక్షణ

డిసెంబర్ మొదటి వారంలో కృష్ణా డెల్టా రైతుకు కంటి మీద కునుకుండదు. సార్వా వరి కోతల కాలం అది. కొంత చేను కోసి పనల మీద ఉంటుంది, కొంత కుప్పేసి ఉంటుంది, కొంత ఇంకా గింజ బరువుకు వంగి నిలబడి ఉంటుంది. విత్తనం దగ్గర్నుంచి కోతకూలి దాకా పెట్టిన డబ్బంతా, చేసిన అప్పంతా ఆకాశం కిందే ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట చెవిన పడితే చాలు, ఇంటిల్లిపాదీ పట్టాలు వెతుక్కుని చేలకు పరుగెత్తుతారు.

2023లో ఆ భయం నిజమైంది. డిసెంబర్ 3 ఆదివారం. గుంటూరు మేత్రాసనంలోని కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఆగమన కాలం మొదటి కొవ్వొత్తి వెలిగిన రోజు. 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన పనలు నీళ్లలో నానాయి. నిలబడిన చేలు నేలకొరిగాయి. తడిసిన కంకుల మీదే గింజ మొలకెత్తింది. తరవాత ఐదు రోజులకు, 10వ తేదీన, రెండో ఆదివారం వచ్చింది. రెండో కొవ్వొత్తి వెలిగించాల్సిన రోజు.

చేనంతా నీళ్ల కింద ఉన్నవాడు కొవ్వొత్తి ఎందుకు వెలిగిస్తాడు? ఏ ధైర్యంతో వెలిగిస్తాడు? నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉన్న ప్రశ్న ఇది.

క్రిస్మస్ అందరికీ తెలిసిన పండగే. దానికి ముందుండే నాలుగు ఆదివారాల సంగతి కతోలికుల ఇళ్లు దాటితే తెలిసినవాళ్లు తక్కువ. నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్య వచ్చే ఆదివారంతో ఆగమన కాలం మొదలవుతుంది. శ్రీసభకు, అంటే కతోలిక సంఘానికి, కొత్త సంవత్సరం కూడా ఆ రోజే. గురువు ఊదారంగు పూజావస్త్రాలు వేసుకుంటారు. ఆదివారం పూజలో మహిమ గీతం ఉండదు. బెత్లెహేము పొలాల్లో దేవదూతలు పాడిన ఆ పాటను క్రిస్మస్ రాత్రి కోసం దాచిపెడతారు. అల్లెలూయా మాత్రం ఆగదు. తపస్సు కాలానికీ దీనికీ ఉన్న తేడా అక్కడే తెలుస్తుంది: ఇది దుఃఖపు కాలం కాదు, గడపలో నిలబడి దారి చూసే కాలం. మూడో ఆదివారం ఒక్కరోజు ఊదారంగు పోయి గులాబీ రంగు వస్తుంది. సగం దారి దాటాం, కాస్త సంతోషించండి అని చెప్పడానికి.

పచ్చని ఆకుల వలయంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టే అలవాటు మాత్రం కతోలికులది కాదు. 1839లో హాంబర్గ్ నగరంలో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ పాదిరి పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని వాళ్లు రోజూ అడుగుతుంటే బండిచక్రం ఒకటి తెచ్చి, మామూలు రోజులకు చిన్న కొవ్వొత్తులు, ఆదివారాలకు పెద్దవి పేర్చి, రోజుకొకటి వెలిగిస్తూ పోయాడట. పిల్లలు ఆగలేకపోతే ఆయన వాళ్లను కసరలేదు, ఆగడానికి ఒక పని చూపించాడు. ఆ తరవాత వంద ఏళ్లకు అటూ ఇటూగా కతోలికులూ దాన్ని తమది చేసుకున్నారు. జర్మనీలో దేవదారు కొమ్మలైతే మన తీరప్రాంతపు విచారణల్లో సరుగుడు కొమ్మలు, క్రోటన్ ఆకులు. ఏది దొరికితే అది.

రెండో ఆదివారం దగ్గరికి మళ్లీ వద్దాం. కతోలిక దేవాలయాల్లో ఆదివారం చదివే దివ్యగ్రంథ పఠనాలు మూడేళ్ల చక్రంలో ముందే నిర్ణయమై ఉంటాయి. ఏ ఊరి గురువూ ఆ వారం పరిస్థితి చూసి ఎంచుకునేవి కావు. 2023 డిసెంబర్ 10న వచ్చిన మొదటి పఠనం యెషయా గ్రంథం 40వ అధ్యాయం. ఇల్లూ ఊరూ పోగొట్టుకుని బాబిలోను చెరలో ఉన్న జనాన్ని ఓదార్చమని దేవుడు చెప్పే ఘట్టం. రెండో పఠనం పేతురు రెండో లేఖ నుంచి. దేవుడు ఆలస్యం చేస్తున్నాడని అనుకోవద్దు, ఆయన మీ విషయంలో ఓర్పు పడుతున్నాడు అని పేతురు చెప్పే చోటు. రోమ్‌లో, మనీలాలో, లాగోస్‌లో ఆ రోజు అదే చదివారు. బాపట్ల వైపు పల్లెల్లో మాత్రం బురద కాళ్లతో వచ్చి కూర్చున్నవాళ్లు దాన్ని విన్నారు.

రోజువారీ విశ్వాసం అంటే నాకు అర్థమైంది ఇదే. మనసు బాగున్నప్పుడు ప్రార్థన చేయడం ఎవరికైనా వస్తుంది. మనసు విరిగిన రోజున మాట మనం వెతుక్కోలేం. అప్పుడు వారం తిరిగేసరికి దానంతట అదే వచ్చే ఆదివారం, చెప్పి చెప్పి నాలుక మీద నిలిచిపోయిన మంగళవార్త జపం, పీఠం పక్కన ఖాళీగా నిలబడి అగ్గిపుల్ల కోసం చూస్తున్న రెండో కొవ్వొత్తి మనల్ని పట్టుకుంటాయి. ఆశ మన గుండెలో పుట్టే దాకా అవి ఆగవు. ముందు చేయి కదులుతుంది, గుండె తరవాత మెల్లగా వస్తుంది.

మూడేళ్లకోసారి మూడో ఆదివారం యాకోబు లేఖ వస్తుంది. అందులో యాకోబు రైతునే చూపించి ఓర్పు నేర్చుకోమంటాడు. తొలి వాన కోసం, కడవరి వాన కోసం కనిపెట్టుకుని ఉండే రైతును. పాలస్తీనాలో తొలి వాన విత్తనాల వేళకు అక్టోబర్, నవంబర్‌లలో, కడవరి వాన గింజ ముదిరే ముందు మార్చి, ఏప్రిల్‌లలో పడుతుంది. మన డెల్టాలో డిసెంబర్ వాన శత్రువు. ఆ పఠనం వింటున్న మన రైతుకు ఆ తేడా బాగా తెలుసు. యాకోబు చెబుతున్న ఓర్పు కూడా అంతకంటే బాగా తెలుసు. ఏ రైతూ గట్టు మీద కూర్చుని పంట కోసం ఎదురుచూడడు. గండి పూడుస్తాడు, కలుపు తీయిస్తాడు, వంతు నీటికోసం రాత్రంతా కాలవ దగ్గర కాపు కాస్తాడు. గింజలో పాలు పోయడం ఒక్కటి అతని వల్ల కాదు. తన చేతిలో ఉన్నదంతా చేసి, చేతిలో లేనిదాన్ని అప్పగిస్తాడు. ఆగమన కాలపు ఓర్పు ఈ రెండూ కలిసినది. ఒకటి వదిలేస్తే సోమరితనం, రెండోది వదిలేస్తే ఆరాటం.

ఈ ఓర్పును ఎవరి జీవితంలోనైనా చూపించమంటే నేను ఆల్‌ఫ్రెడ్ డెల్ప్ పేరు చెబుతాను. తెలుగులో ఆయన గురించి రాసినవాళ్లు అరుదు. జర్మన్ జెస్విట్ గురువు. మ్యూనిక్ నగరంలో బోగెన్‌హౌజెన్ అనే పేటలో సెయింట్ గియోర్గ్ దేవాలయం చూసుకునేవారు. హిట్లర్ పాలన కూలిపోయాక న్యాయమైన సమాజాన్ని ఎలా కట్టాలో రహస్యంగా ఆలోచించిన క్రైజావ్ బృందంలో ఆయనొకరు. 1944 జులై 20న హిట్లర్‌పై హత్యాయత్నం జరిగింది, విఫలమైంది. ఎనిమిది రోజులకు, ఉదయం పూజ ముగించిన డెల్ప్‌ను గెస్టాపో పట్టుకుపోయింది.

ఆ ఏడాది ఆగమన కాలం ఆయనకు బెర్లిన్‌లోని టేగెల్ జైలులో గడిచింది. చేతులకు బేడీలు. బయట రాత్రుళ్లు బాంబుల వర్షం. ముందు ఉన్నది కోర్టు విచారణ, దాని తీర్పు ఏమిటో దాదాపు తెలిసినదే. ఆ స్థితిలో ఆయన, దొరికిన కాగితం ముక్కల మీద, ఒక్కో ఆగమన ఆదివారానికి ఒక్కో ధ్యానం రాశారు. ఇద్దరు స్త్రీలు ఉతికిన బట్టలు లోపలికి ఇచ్చి, మాసిన బట్టలు బయటికి తెచ్చేవారు. ఆ బట్టల మూటల్లోనే ఆ కాగితాలు జైలు దాటాయి. ఆయనకు గోధుమ అప్పం, ద్రాక్షరసం కూడా రహస్యంగా అందేవి. గదిలో ఒంటరిగా దివ్యబలి పూజ చేసుకునేవారు. జెస్విట్ సభలో తుది మాటపట్టు ఇవ్వాల్సిన సమయం ఆయనకు జైలులోనే వచ్చింది. సభ వదిలిపెడితే ప్రాణం దక్కుతుందని అధికారులు ఆశ చూపారు. డిసెంబర్ 8న, మరియమాత నిష్కళంక గర్భోద్భవ పండగ నాడు, బేడీల చేతులతోనే ఆయన మాటపట్టు ఇచ్చారు.

ఆ ధ్యానాలు చదివితే మెత్తని మాటలు దొరకవు. ఆగమన కాలం మనిషిని కుదిపి లేపే కాలం అంటారు ఆయన. మన భద్రత అనుకున్నవన్నీ ఊగిపోయినప్పుడే దేవుని రాకకు తలుపు తెరుచుకుంటుందని. క్రిస్మస్ అలంకారాల మధ్య ఆ మాటలు కొంచెం కటువుగా వినిపిస్తాయి. తుఫాను చూసిన ఊళ్లో, ఆసుపత్రి వరండాలో రిపోర్టు కోసం కూర్చున్నవాళ్ల మధ్య, అలా వినిపించవు.

1945 జనవరిలో నాజీ ప్రజా న్యాయస్థానం ఆయనకు మరణశిక్ష వేసింది. తీర్పు తరవాత, శిక్ష అమలుకు ముందు, ఒక మిత్రుడికి కొత్తగా పుట్టిన బిడ్డకు ఆయన ఉత్తరం రాశారు. వాడు పెద్దవాడై చదువుకోవాల్సిన ఉత్తరం. ఉరితీతకు ముందున్న మనిషి ఇరవై ఏళ్ల తరవాతి పాఠకుడికి రాయడం! ఆశ అనే మాటకు ఇంతకంటే పెద్ద రుజువు నాకు తెలియదు. ఫిబ్రవరి 2న ప్లోట్‌జెన్‌జేలో ఆయన్ని ఉరితీశారు. వయసు 37. శ్రీసభ పంచాంగంలో అది బాలయేసును దేవాలయంలో సమర్పించిన పండగ. జీవితమంతా ఎదురుచూసి, చివరికి ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకున్న ముసలి సిమియోనును తలచుకునే రోజు.

వియత్నాం మేత్రాణులు ఫ్రాన్సిస్ జేవియర్ న్యుయెన్ వాన్ తువాన్ కథ కూడా ఇదే దారిలో నడుస్తుంది. 1975 ఆగస్టు 15న ఆయన్ని నిర్బంధించారు. 13 ఏళ్లు చెరలో ఉన్నారు, అందులో 9 ఏళ్లు ఏకాంతంగా. విడుదల కోసం ఎదురుచూస్తూ రోజులు లెక్కపెట్టనని, చేతిలో ఉన్న ఈ రోజునే ప్రేమతో నింపుతానని మొదట్లోనే నిశ్చయించుకున్నారు. ఓ చిన్న కుర్రాడు తెచ్చిచ్చిన పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు, రాత్రిళ్లు, తన జనానికి చిన్న చిన్న మాటలు రాశారు. ఆ కుర్రాడి ఇంట్లోవాళ్లు వాటికి నకళ్లు తీసి పంచారు. కడుపునొప్పికి మందు అని పేరు రాసి బయటినుంచి పంపిన ద్రాక్షరసం మూడు చుక్కలు, నీరు ఒక చుక్క, అరచేతిలో వేసుకుని పూజ చేసేవారు. పోపు 16వ బెనెడిక్ట్ 2007లో ఆశ గురించి రాసిన విశ్వలేఖలో ఆయన్ని తలచుకున్నారు. ఆ లేఖ మీద ఉన్న తేదీ నవంబర్ 30, ఆగమన కాలం మొదలవడానికి రెండు రోజుల ముందు.

ఇవి దూరదేశపు కథలు, మహానుభావుల కథలు అనిపించవచ్చు. మన దగ్గర ఇలాంటి ఓర్పు ఊళ్లకు ఊళ్లే చూపించాయి, పేర్లు మిగలలేదంతే. 18వ శతాబ్దం తొలి దశకాల్లో జెస్విట్ గురువులు రాయలసీమలో తిరిగారు. ఇప్పటి అనంతపురం ప్రాంతంలో కొన్ని రెడ్డి కుటుంబాలు జ్ఞానస్నానం తీసుకున్నాయి. వాళ్లలో కొందరు గుంటూరు సీమకు వలస వచ్చారు. ఫిరంగిపురం వైపు పాత కతోలిక కుటుంబాల మూలాలు అక్కడివే. 1773లో పోపు 14వ క్లెమెంట్ జెస్విట్ సభనే రద్దు చేశారు. ఆ తరవాత దశాబ్దాల పాటు తెలుగు పల్లెలకు గురువులు కరవయ్యారు. పాపసంకీర్తనం వినేవారు లేరు, దివ్యసత్ప్రసాదం ఇచ్చేవారు లేరు. బిడ్డ పుడితే జ్ఞానస్నానం ఇచ్చి, మనిషి పోతే పాతిపెట్టేటప్పుడు జపం చెప్పి, పరలోక జపం పిల్లల నోట పట్టించి విశ్వాసాన్ని నిలబెట్టింది ఉపదేశులూ ఇంటి ఆడవాళ్లూ. గురువు ఎప్పుడొస్తాడో తెలియదు. వచ్చేదాకా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపం. ఫిరంగిపురంలో 19వ శతాబ్దం చివర మిల్ హిల్ గురువులు కట్టిన పెద్ద బాలయేసు దేవాలయాన్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు దాని గోపురాలు చూస్తారు. నాకు ఆ గోపురాలకు ముందున్న గుడి లేని సంవత్సరాలే ఎక్కువ గొప్పగా కనిపిస్తాయి.

ఓర్పు పేరుతో అన్యాయాన్ని మోయమనడం మాత్రం ఆగమన కాలం ఒప్పుకోదు. తెలుగు కతోలికుల్లో ఎక్కువమంది దళితులు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. దళిత క్రైస్తవులు ఇంకా బయటే నిలబడి ఉన్నారు. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన దీనిమీద ఒక కమిషన్ వేసింది. ఈ దేశపు కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో విడుదల చేసిన దళిత విధాన పత్రంలో, కులవివక్ష శ్రీసభ లోపల కూడా ఉందని తానే ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. ఆ వార్త విని ఎన్నో పేటల్లో మిఠాయిలు పంచుకున్నారు. పంచుకోవాల్సిందే. తొలి అన్న మాట ఎంత ఆలస్యంగా వచ్చిందో కూడా గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఆగమన కాలపు పఠనాల్లో స్నాపక యోహాను ఉంటాడు. చెరసాలలో పడి, రావాల్సినవాడివి నువ్వేనా, మరొకరి కోసం చూడాలా అని శిష్యులతో యేసునే అడిగిస్తాడు. శ్రీసభ ఆ సందేహాన్ని దాచిపెట్టదు, గులాబీ రంగు ఆదివారం నాడే, అందరూ సంతోషించాల్సిన రోజునే, పీఠం మీద నుంచి చదివిస్తుంది. నిలదీసి అడగడం నిరీక్షణకు విరోధం కాదన్నమాట. డెబ్బై ఐదేళ్లు దాటినా అడుగుతూనే ఉన్న దళిత క్రైస్తవులు ఈ కాలానికి అందరికంటే దగ్గరివాళ్లు.

ఇక సెమీ క్రిస్మస్ గురించి ఒక మాట. తెలుగు రాష్ట్రాల్లో డిసెంబర్ మొదటి వారం నుంచే ఆఫీసుల్లో, కాలేజీల్లో, అపార్టుమెంట్లలో కేకులు కోస్తున్నారు. ఇతర మతాల స్నేహితులు వచ్చి కలుస్తున్నారు, దానిలో ఆప్యాయత ఉంది, నేను కాదనను. కానీ కతోలిక విచారణలు కూడా ఆ వరసలో పడి ఊదారంగు వారాల మీద ఎర్ర టోపీలు పరిచేస్తుంటే నాకు బాధేస్తుంది. 25 నాటికి పండగ పాతబడిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఒకటుంది. ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు, పంట పోయినవాళ్లకు, పెళ్లి కుదరని కూతురున్నవాళ్లకు, కేకు ముందు నవ్వలేనివాళ్లకు, వచ్చి కూర్చోవడానికి శ్రీసభ ఉంచిన చోటు ఈ నాలుగు వారాలే. ఇక్కడ ఎవరూ సంతోషంగా ఉన్నట్టు కనబడక్కర్లేదు. ఇంకా రాలేదు, ఎదురుచూస్తున్నాం అని అందరితో కలిసి చెప్పుకోవచ్చు. ఆ చోటు మూసేయకండి అని విచారణ గురువులకు, యువత సంఘాలకు నా విన్నపం. కేకు ఎటూ 25న ఉంటుంది. పండగ కూడా ఆ ఒక్క రోజుతో పోదు, జనవరిలో యేసు జ్ఞానస్నాన పండగ దాకా సాగుతుంది.

ఈ నాలుగు వారాల్లో ఇళ్లలో జరిగే పనులు చిన్నవే. పిల్లలు వెదురు బద్దలతో నక్షత్రం చట్రం కడతారు, రంగు కాగితం అతికిస్తారు, జిగురు ఆరేదాకా ఆగలేక చింపుతారు, మళ్లీ అతికిస్తారు. పశువుల పాకకు గడ్డి తెస్తారు. పక్కన గోధుమలో సజ్జలో చిన్న గిన్నెల్లో మొలకెత్తడానికి పోస్తారు, పాక ముందు పచ్చిక కోసం. పెద్దవాళ్లు ఏడాదిగా మాట్లాడని తోబుట్టువు గడప తొక్కడానికి మాటలు కూడదీసుకుంటారు. పాపసంకీర్తనానికి వరసలో నిలబడతారు. సాయంత్రం జపమాలకు పిల్లల్ని కూర్చోబెడతారు. ఒక్కటీ వార్త కాదు. కానీ ప్రతి దాంట్లోనూ రాబోయేవాడి కోసం ఈ రోజు నా చేతనయ్యే పని ఒకటి ఉంటుంది.

కోనసీమ, పశ్చిమ గోదావరి, కడప వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైట్ వెళ్తారు. రెండేళ్ల ఒప్పందం. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారపు పూజ శుక్రవారమే జరుగుతుంది. కువైట్ నగరంలోని హోలీ ఫ్యామిలీ కో-కెథడ్రల్‌లో ఆ రోజు ఎన్నో భాషల్లో వరసగా పూజలు. యజమాని ఇల్లు దాటనిస్తే వెళ్తారు, లేకపోతే వంటగదిలోనే జపమాల. ఇక్కడి పిల్లలకు తల్లి రెండున్నర గంటలు వెనక ఉంటుంది, ఇక్కడ రాత్రి పది అయితే అక్కడ ఏడున్నర.

నాకు తెలిసిన ఒక తల్లి రెండు క్రిస్మస్‌లుగా రాలేదు. ఈసారీ సెలవు దొరకలేదు. ఆగమన కాలం మొదటి వారంలో ఇంటికి పంపిన వాయిస్ మెసేజ్‌ను ఆమె చెల్లెలు నాకు వినిపించింది. మొదట కాస్త ఏడుపు గొంతు ఉంది, తరవాత లేదు. "ఈసారీ కుదర్లేదురా నాన్నా. వచ్చే ఏడు కచ్చితంగా ఉంటా. పాక మాత్రం కట్టండి, మానకండి. కిందటేడు గొర్రెపిల్లలు రెండు విరిగిపోయినయ్యి కదా, సెంటర్లో కొట్లో కొత్తవి కొనండి, డబ్బులు పిన్నికి వేశా. నక్షత్రం పైన కట్టేటప్పుడు మావయ్యని పిలవండి, మీరు మాత్రం డాబా పిట్టగోడ ఎక్కొద్దు. అన్నీ అయ్యాక ఫోటో పెట్టండి, మా మేడమ్‌కి చూపిస్తానన్నా."